1174వ రాయి

సిరియాలోని అలెప్పో పాతబస్తీలో ఇకమీదట ఒక్క రాయి కూడా దిక్కులేనిదిగా మిగలదని పురావస్తు పునరుద్ధరణ సంఘం అధ్యక్షులు ఉస్తాద్ రఫీఖ్ గారు ప్రకటించారు. మనుషుల సంగతి ఎత్తలేదు. ఒకసారికి ఒక పనే పెట్టుకునే నిదానం ఆయనది.

మర్నాటి నుంచే యుద్ధంలో కూలిన రాళ్ళమీద తెల్లరంగుతో నంబర్లు పడ్డాయి. నంబరు పడిన రాయికి రిజిస్టరులో చోటు, పైన టార్పాలిన్, పక్కన కాపలా. ఉమ్ సుభీ ఇంటి పడమటి గోడ వీధిలోకి ఒరిగి రెండేళ్ళయింది. వానలు పడేలోగా ఆసరాగా నాలుగు ఇనప గొట్టాలు పెట్టించమని ఆ ముసలామె సంఘం ఆఫీసుకి తొమ్మిదిసార్లు తిరిగింది. ప్రతిసారీ గుమాస్తా నజీబ్ లేచి నిలబడి మరీ కుదరదన్నాడు. ఈ రోజుల్లో అంత మర్యాద ఎవరికుంది?

"నీ గోడకి నంబరేదీ, ఖాలా?" అన్నాడు పక్కింట్లో సబ్బులు కోసే అబూ హికమత్. "నంబరు లేనిది వాళ్ళ కంటికి ఆనదు."

"నంబరెవరిస్తారు?"

"రంగుడబ్బా ఇక్కడే వదిలేసి కాఫీకి పోయారుగా."

పక్కన ఆఖరి రాయి 1173. ఉమ్ సుభీ గోడమీద 1174 వేసింది. సబ్బు మీద ముద్రలా పొందిగ్గా కుదిరింది. సాయంత్రానికి నాలుగు కాదు, ఆరు గొట్టాలు దిగాయి. చాన్నాళ్ళకి ఆమె కంటినిండా నిద్రపోయింది.

నెల తిరిగాక ఒక బుధవారం ఉస్తాద్ గారు స్వయంగా విచ్చేశారు. గోడని నిమిరారు, కళ్ళు తుడుచుకున్నారు, ఇది ఏడువందల ఏళ్ళ నాటిదని పత్రికల వాళ్ళకి చెప్పారు.

"మా ఆయన కట్టాడు బాబూ," అంది ఉమ్ సుభీ. "మా పెద్దాడు సుభీ పుట్టిన ఏడు. సిమెంటు నేనే కలిపాను."

"బాంబుల మోతకి పాపం, మతి చలించింది," అని ఉస్తాద్ గారు ఆమెకి ఒక సీసా మంచినీళ్ళు ఇప్పించారు. మనుషుల ఊపిరి తగిలితే పాతరాళ్ళు చెడిపోతాయి కనక మర్నాటి మధ్యాహ్నానికల్లా ఇల్లు ఖాళీ చెయ్యాలన్నారు. ఎక్కడికి పోవాలో చెప్పలేదు. అది వేరే శాఖ.

ఉమ్ సుభీకి ఒళ్ళు మండిపోయింది. ముగ్గురు బిడ్డల్ని ఆ గోడ నీడనే కని పెంచింది. ఇప్పుడు తన ఊపిరే దానికి చేటట.

గురువారం నజీబ్ తాళంకప్ప, రిజిస్టరు పట్టుకుని వచ్చాడు. ఆమె గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని ఉంది. ఒంటిమీది నల్ల అబాయా మీద, గుండెల దగ్గర, తెల్లగా 2061 అని ఉంది. రంగు ఇంకా ఆరలేదు.

నజీబ్ రిజిస్టరు తిరగేశాడు. 2060 దాకా అయింది. ఆమెని పైనుంచి కిందిదాకా పరీక్షించి, తాళంకప్ప జేబులో వేసుకుని, ఇలా రాసుకున్నాడు: "2061. కూర్చున్న స్త్రీ. అక్కడక్కడా దెబ్బతింది. కదిలించరాదు."

ఉస్తాద్ గారు సంతకం పెట్టారు. సాయంత్రానికి ఉమ్ సుభీకి పైన టార్పాలిన్, పక్కన కాపలా వచ్చాయి. తనకింత రొట్టె కూడా ఇప్పించమని ఆమె నజీబ్‌ని అడిగింది.

నంబరు పడినవాటికి రొట్టె పెట్టే పద్ధతి లేదన్నాడు నజీబ్, లేచి నిలబడి మరీ.