పొగ రుచి తెలిసిన పెద్దమనుషులు

వికారాబాద్ సింగిల్ మాల్ట్ రసజ్ఞుల సంఘం సమావేశం తాండూరు దారిలోని ఫామ్‌హౌస్‌లో అత్యంత గంభీరంగా జరిగిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము.

స్కాట్లాండులో పీట్ అనే మట్టిగడ్డలు కాల్చి, ఆ పొగలో బార్లీ మొలకలు ఆరబెట్టి ఈ విస్కీ చేస్తారు. అందుకే గ్లాసులో పొగ వాసన. ఎత్తి గటగటా తాగడం మామూలు జనం పని. సభ్యులు మొదట వాసన చూసి, కళ్లు మూసి, అభిప్రాయం ప్రకటిస్తారు. అందులో సముద్రం మాట తప్పనిసరి. సభ్యుల్లో సముద్రం చూసినవారు తక్కువే అనుకోండి, అయినా నియమం నియమమే. కిందటిసారి దశరథ్ గారు "కంది కట్టె కాలినట్టున్నది" అన్నందుకు సభ్యత్వం ఊడింది. పాపం, మంచివాడే.

ఈసారి పరీక్ష పాండురంగం గారిది. తాండూరులో బండల పాలిషింగ్ యూనిట్ ఆయనదే. ఈ సభ్యత్వం కోసం ఆయన భార్య అరుణాదేవి గారు మొక్కని దేవుడు లేడు.

ఆయన గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకోగానే కిటికీలోంచి నిజం పొగే వచ్చింది. సంఘం వారు కోడి కాల్చుకున్న నిప్పులు గట్టు అవతల పారబోశారు. అక్కడ పక్క చేను ఎంకమ్మ కోసి వేసుకున్న కంది కుప్ప ఉంది.

"వాహ్, ఏం పొగ!" అన్నారు అధ్యక్షులు.

పాండురంగం గారు కంది రైతు కొడుకు. ఒక్క పీల్పుతో సంగతి తెలిసింది. కిటికీలోంచి చూస్తే కుప్ప ఇంకా ఒక మూలే అంటుకుంది, నాలుగు బిందెల నీళ్లు చాలు. నోరు తెరిచారు. దశరథ్ గారు గుర్తొచ్చారు. "దీవి... ఉప్పుగాలి... తడిసిన పడవ తాడు" అన్నారు. చప్పట్లు మోగాయి.

ఎంకమ్మ గేటు దగ్గరికి ఉరికొచ్చింది. "అయ్యా, నా కుప్ప కాలుతున్నది! జర మోటరెయ్యుండ్రి, మీ కాళ్లు మొక్త!"

అధ్యక్షులు నొచ్చుకున్నారు. "రుచి నాలుక మీదున్నప్పుడు లేవొద్దు. జర ఆగమ్మా, పరేషాన్ జెయ్యకు."

వారు మింగి లేచేసరికి ఎంకమ్మ ఏడాది తిండి బూడిదైంది. సంఘం సంతాప తీర్మానం చేసింది. కొత్త సభ్యులు పాండురంగం గారు "మట్టి వాసన తెలిసిన సంఘం మనది" అని గద్గదంగా ప్రసంగించారు.

మరుసటి సభలో అదే రకం సీసా తెరిచారు. అందరూ పెదవి విరిచారు. పొగ చాలలేదట. ఊరి మాట వచ్చిన మనిషి కాబట్టి, పాండురంగం గారినే గట్టు దాకా పంపారు.

"ఎంకమ్మా, వచ్చే ఏడు గూడ కుప్ప గీడనే ఏస్తవ్ గదా?"