రెండు ఓడలు, రెండు కుర్చీలు

సింగపూరులో శనివారం పొద్దున్న కొబ్బరిపాల జాము రాసిన కాయా టోస్టు తింటూ టెక్ సూన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. అమ్మనూ భార్యనూ వెంటబెట్టుకుని ప్రయాణాల ప్రదర్శనకు వెళ్ళడం, చిన్న ఓడలో అందరికీ గదులు పట్టడం, మధ్యాహ్నానికల్లా తాముండే తోవా పయో పేట చేరి బాతు ఇగురు కొనుక్కుని ఇంటికి రావడం. ఇందులో తేడా రావడానికి సందే లేదనుకున్నాడు. లిఫ్టుల తనిఖీ ఉద్యోగం చేస్తున్నవాడు కనుక, ఎక్కడ ఏ మర వదులవుతుందో తనకంటే బాగా ఎవరికీ తెలియదని అతని నమ్మకం.

అమ్మ గిమ్ లువాన్‌కు డిసెంబరులో ఎనభై నిండుతాయి. ఆ పుట్టినరోజు సముద్రం మీద చెయ్యాలని పిల్లలిద్దరూ ఒప్పుకున్నారు. ఒప్పుకున్నది అంతవరకే. చిన్న ఓడైతే నెమ్మదిగా ఉంటుంది, నడవాలు పొట్టి, అమ్మ మోకాళ్ళకు హాయి అని టెక్ సూన్ అంటాడు. పెద్ద ఓడైతే మనవలకు నీళ్ళ జారుడుబల్లలు, పొద్దస్తమానం తిండి, సాయంత్రం పాటలు, అమ్మకు పొద్దు ఇట్టే గడిచిపోతుంది అని చెల్లెలు సియోక్ చింగ్ అంటుంది. ఆమె బడిలో లెక్కల పంతులమ్మ. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే విషయంలో మాత్రం అన్నాచెల్లెళ్ళిద్దరూ ఒక తల్లి పిల్లలే.

ఆ తల్లిని అడిగితే, "ఏదైనా సరే," అంది.

ఆ ఇంట్లో "ఏదైనా సరే" అన్నది జవాబు కాదు, ప్రశ్నపత్రం. పెద్దవాళ్ళు తమకేం కావాలో నోరు విప్పి చెప్పరు, పిల్లలే కనిపెట్టాలి. కనిపెట్టలేకపోయినా పెద్దవాళ్ళు ఏమీ అనరు. పెట్టింది తిని, చూపించింది చూసి, బాగుందంటారు. కుమిలిపోవలసింది పిల్లలే. టెక్ సూన్‌కు యాభై దాటినా ఆ కుమలడం తప్పలేదు. ఈ ఒక్కసారైనా అమ్మ మనసులో ఉన్నది కనిపెట్టి, అదే ఆవిడ చేతిలో పెట్టాలని అతని పంతం. అందుకని నోటితో అడగడం మానేసి, ప్రదర్శనలో అమ్మ కాళ్ళు ఎటు నడుస్తాయో చూసి తేల్చుకుందామని భార్య బీ యన్‌తో చెప్పాడు. ఆమె నవ్వి గొడుగు తీసుకుంది. పెళ్ళైన నాటినుంచీ మొగుడి పథకాలకు ఆమె గొడుగు తీసుకునే బయల్దేరుతోంది.

ప్రదర్శన మందిరంలో ఇసకేస్తే రాలని జనం. ఒక గోడవైపు చిన్న ఓడ వాళ్ళ బల్ల, ఎదుటి గోడవైపు పెద్ద ఓడ వాళ్ళ బల్లలు. టెక్ సూన్ అమ్మను ఒక స్తంభం పక్కన నిలబెట్టి, కదలొద్దని చెప్పి, గుమ్మం దగ్గర పంచుతున్న చిన్న ఓడ బొమ్మల పుస్తకం తేవడానికి వెళ్ళాడు. బీ యన్ మంచినీళ్ళకు వెళ్ళింది. ఇద్దరూ తిరిగొచ్చేసరికి స్తంభం ఉంది, అమ్మ లేదు.

ఒకళ్ళు ఇటూ ఒకళ్ళు అటూ వెతికారు. టెక్ సూన్‌కు అమ్మ ఒక పెద్ద క్యూలో కనబడింది. అది ఆ మందిరంలో ఉన్న క్యూలన్నిటికీ తాత. ఆ ఊళ్ళో క్యూ కనబడితే ముందు నిలబడతారు, ఎందుకో తరవాత అడుగుతారు. అమ్మ ముందున్న పెద్దమనిషిని అడిగితే, ఇంతమంది నిలబడ్డారంటే మంచిదేదో ఉండే ఉంటుందన్నాడు. టెక్ సూన్ మెడ చాచి చూశాడు. క్యూ మొదట్లో ఉన్నది పెద్ద ఓడ.

చేతిలోని చిన్న ఓడ పుస్తకం మడిచి చంకలో పెట్టుకున్నాడు. మాట మీద నిలబడే మనిషి కనుక వెంటనే చెల్లెలికి ఫోను చేసి, అమ్మ కాళ్ళు పెద్ద ఓడవైపే నడిచాయి, నువ్వే గెలిచావు అని చెప్పాడు. గెలిచిన మనిషి సంతోషించాలి కదా. సియోక్ చింగ్ అన్నకు గడ్డిపెట్టడం మొదలెట్టింది. అమ్మ అలా నిలబడింది మనవల కోసం గానీ తన కోసం కాదట. తన సుఖం చంపుకుని పిల్లల సరదా చూస్తోందట. అంటే అసలు ఆవిడకు కావలసింది చిన్న ఓడేనట. కన్నకొడుకై ఉండి ఆ మాత్రం తెలియదా అంది.

అంతే, వాదాలు తారుమారయ్యాయి. నిన్నటిదాకా చిన్న ఓడ కోసం గొంతు చించుకున్న అన్న పెద్ద ఓడే అంటాడు. పెద్ద ఓడ కోసం అలిగి అన్నం మానేసిన చెల్లెలు చిన్న ఓడే అంటుంది. క్యూ ముందుకు జరుగుతోంది, ఫోనులో పోట్లాట సాగుతోంది. చెవికి ఫోను ఆనించుకుని అతను పక్కకు వెళ్ళాడు. వెళ్తూ, డబ్బు కట్టే కార్డు అమ్మ చేతిలో పెట్టి వెళ్ళాడు.

అవతలి గోడ దగ్గర బీ యన్‌కు ఇంకో సంగతి కంటబడింది. చిన్న ఓడ వాళ్ళ బల్ల ముందు రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఒక్కో కుర్చీ మీద ఒక్కో టిష్యూ పొట్లం. ఆ ఊళ్ళో కుర్చీ మీద టిష్యూ పొట్లం పెడితే ఆ కుర్చీ రిజిస్టరైపోయినట్టే. తిండికొట్ల దగ్గర మధ్యాహ్నం వేళ నిలువుకాళ్ళ మీద ఉన్నవాళ్ళు సైతం పొట్లం ఉన్న కుర్చీని చూసి తల దించుకుని పోతారు. ఈ పొట్లాలు ఆకుపచ్చవి, దగ్గరికెళితే నీలగిరి తైలం వాసన. అత్తగారి సంచిలోవి. అంటే అత్తయ్య ఇక్కడికి వచ్చి, చూసి, నచ్చి, చోటు పట్టుకుని మరీ వెళ్ళారన్నమాట. బీ యన్ ఇంకేం ఆలోచించలేదు. ఒక కుర్చీలో కూర్చుంది.

బల్ల వెనక అమ్మాయి మర్యాదగా నవ్వి, మలేసియాలోని పినాంగ్ దీవికి వెళ్ళే ఓడలో ఒక్కటంటే ఒక్క గదే మిగిలిందని చెప్పింది. ఆ ఊరివాళ్ళు దేనికైనా తట్టుకుంటారు గానీ, మిగిలింది ఒక్కటే అంటే తట్టుకోలేరు. పక్కవాడు ఎత్తుకుపోతాడన్న భయం ముందు మొగుడు కూడా గుర్తురాడు. బీ యన్ ఆడపడుచుకు ఫోను చేసింది. ఎంతసేపూ ఎంగేజే. సరే, ముందు పడేసి ఉంచుదాం, అత్తయ్యకు తోడుగా ఎవరు వెళ్తారో తరవాత చూసుకోవచ్చు అనుకుని ఆ గది పట్టేసింది.

ఇంతలో పెద్ద ఓడ క్యూ తోక పెరిగింది. అదీ గిమ్ లువాన్ అమ్మ చలవే. తోవా పయోలో వాళ్ళుండే అపార్టుమెంటు బ్లాకు మొత్తానికి ఆవిడ మాట వేదం. ఆవిడ చేప కొన్న కొట్లోనే అందరూ చేప కొంటారు, ఆవిడ వాసన చూసి వదిలేసిన దురియన్ పండును ఎవరూ ముట్టరు. మూడో అంతస్తు రోహయా ప్రదర్శనకు ఊరికే చూద్దామని వచ్చి, గిమ్ లువాన్ అమ్మను క్యూలో చూసి, వెనక నిలబడి, పొద్దుటి కసరత్తు బృందానికి ఫోనులో ఒక ఫొటో పంపింది. ఫొటో చేరిన ఇంటినల్లా మనుషులు చెప్పులేసుకున్నారు. టెక్ సూన్ ఫోను ముగించి వెనక్కు వచ్చేసరికి, రోజూ లిఫ్టులో నమస్కారం పెట్టే మొహాలన్నీ అమ్మ వెనక వరసగా ఉన్నాయి. నెమ్మదిగా, ఇంటిల్లిపాదీ మాత్రమే చేసుకోవలసిన పుట్టినరోజు బ్లాకు వార్షికోత్సవం అయిపోయింది. అమ్మ అప్పటికే బల్ల దగ్గర పని ముగించుకుని, కార్డు అతని చేతికిచ్చి, మోకాళ్ళు నొక్కుకుంటూ కూర్చుంది.

గోరుచుట్టు మీద రోకటిపోటులా అప్పుడే బీ యన్ వచ్చి, చిన్న ఓడలో గది దొరికిందని సంబరంగా చెప్పింది. వెనకాలే సియోక్ చింగ్ టాక్సీ దిగి, మనవల నీళ్ళసీసాలతో సహా పరుగెత్తుకొచ్చింది. రెండు ఓడలూ బయల్దేరేది ఒకే రోజని తెలిశాక ముగ్గురి నోళ్ళూ ఒక్కసారే తెరుచుకున్నాయి. తెరుచుకున్నవి మళ్ళీ మూతపడలేదు. అమ్మ మనసు నీకేం తెలుసని అన్న, నీకసలేం తెలుసని చెల్లెలు. పొట్లాలు నేను కళ్ళారా చూశానని కోడలు. కసరత్తు బృందం క్యూ వదలకుండానే చెవులిటు పెట్టింది.

టెక్ సూన్ చిన్న ఓడ గది వదిలేద్దామని తేల్చాడు. పెద్ద ఓడలో ఎలాగూ అందరికీ పట్టాం కదా అన్నాడు. బల్ల వెనక కుర్రాడు తెర చూసి గొంతు సవరించుకున్నాడు.

"అందరికీ లేదండీ. పెద్దమ్మగారికి ఒకటి, కూతురుగారి కుటుంబానికి ఒకటి. మీ పేరుగానీ మీ ఆవిడగారి పేరుగానీ చెప్పలేదు."

 ఏనుగంత ఓడలో కొడుకుకు చీమంత చోటు లేదు. అతను అమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. క్యూ అంతా చూస్తోందన్న ధ్యాస కూడా లేదు.

"అమ్మా, ఈ ఒక్కసారి చెప్పమ్మా. చిన్నప్పుడు పంకా మావైపు తిప్పేసి, నాకు గాలి పడదు అనేదానివి. నేను నిజమే అనుకున్నాను. ముప్ఫై ఏళ్ళొచ్చేదాకా అనుకున్నాను. ఒకరోజు తొందరగా ఇంటికొస్తే పంకా ఎదురుగా కళ్ళు మూసుకుని కూర్చుని ఉన్నావు. ఆరోజు నుంచీ నువ్వేమన్నా నాకు నమ్మకం కుదరదు. నీకేం కావాలో నాకెప్పటికీ తెలీదేమోనని భయంగా ఉంది."

 సియోక్ చింగ్ నీళ్ళసీసా మూత తిప్పుతూ అటు తిరిగింది. గిమ్ లువాన్ అమ్మ కొడుకు తల నిమిరింది. ఆవిడకూ కళ్ళు చెమర్చాయి. కానీ ఆవిడ కళ్ళు చెమర్చినా బుర్ర చెమర్చే రకం కాదు.

"ఆ కుర్చీల మీద పొట్లాలు ఎవరికోసం పెట్టానురా?" అని అడిగింది.

"నీకోసం."

"ఇన్నేళ్ళు ఈ ఊళ్ళో తిండి తింటున్నావు. పొట్లం పెట్టినవాళ్ళు ఎక్కడైనా కూర్చుంటారా? పెట్టినవాళ్ళు క్యూలో నిలబడతారు. కుర్చీ ఇంట్లోవాళ్ళకి." ఆవిడ కోడలివైపు తిరిగింది. "పెళ్ళైన ఏడు మీరిద్దరూ పినాంగ్ వెళ్దామనుకున్నారు. మీ మామగారు మంచాన పడ్డారు. సర్దిన పెట్టె సర్దినట్టే విప్పేశావు. తరవాత ఒక్కనాడు ఆ ఊసెత్తావా తల్లీ? నేనెలా మర్చిపోతాను?"

 బీ యన్ అత్తగారి చెయ్యి పట్టుకుంది. ఆ గది దొరకడం అదృష్టం అత్తయ్యా, ఒక్కటే మిగిలిందట అని మెల్లిగా అంది. చిన్న ఓడ బల్ల వెనక అమ్మాయి, గొడవేమిటో చూద్దామని అప్పటికే ఇక్కడికి చేరింది. ఆ మాట వినగానే నాలిక్కరుచుకుంది. గదులు బోలెడున్నాయని, ఒక్కటే ఉందని చెప్పమన్నది ఈ పెద్దమ్మగారేనని ఒప్పేసుకుంది. అలా చెప్పకపోతే ఊళ్ళోవాళ్ళందరికీ కలిపి పట్టేస్తారని అన్నారట. మా అబ్బాయి వస్తే కుర్చీ కాళ్ళు గట్టిగా ఉన్నాయో లేదో చూసి గానీ కూర్చోడు, దాన్నిబట్టి గుర్తుపట్టు అని కూడా చెప్పారట.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనుషుల గురించి వినడమే గానీ, కొడుకు ఎక్కడ ఆవులిస్తాడో, కోడలు ఎక్కడ కంగారుపడుతుందో ముందే చూసుకుని, మోకాళ్ళ నొప్పితో ఒక స్తంభం దగ్గరనుంచి కదిలి వెళ్ళి ఇంత పని చక్కబెట్టిన మనిషి ఆవిడొక్కతే. క్యూలోంచి రోహయా చప్పట్లు కొట్టింది.

టెక్ సూన్‌కు మాత్రం ఇంకా తృప్తి లేదు. అది మాకోసం చేసిన పని, అడిగింది నీకేం కావాలని, అన్నాడు. ఈసారి ఆవిడ "ఏదైనా సరే" అనలేదు. కాసేపు ఆలోచించింది. ఎనభై ఏళ్ళుగా చెయ్యని పని కనుక కొంచెం సిగ్గుపడింది కూడా.

"చెప్తే ఏడవకూడదు. నువ్వు మంచివాడివేరా. నీలాంటి కొడుకు ఎవరికీ లేడని రోహయాని అడుగు, చెబుతుంది. కానీ నా ముందు గిన్నె పెట్టగానే లిఫ్టుని చూసినట్టు చూస్తావు. ఉప్పుగుడ్డు తీసేస్తావు, బాతు చర్మం తీసేస్తావు. మెట్లెక్కుతుంటే వెనకాల చేతులు చాచి నడుస్తావు. నాలుగు రోజులు, ఒక్క నాలుగు రోజులు, నువ్వు నాకు కనపడకూడదు. ఆ జారుడుబల్ల కూడా ఒకసారి ఎక్కాలనుంది."

క్యూ మొత్తం గొల్లుమంది. సియోక్ చింగ్ నవ్వు ఆపుకోలేక కూర్చుండిపోయింది. టెక్ సూన్ నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ కాస్త కాస్త చేశాడు. ఇన్నేళ్ళుగా అమ్మ కోరిక కోసం ఊరంతా వెతికాడు. తీరా దొరికింది చూస్తే, అది తీర్చడానికి తను చెయ్యవలసిందల్లా పక్కకు తప్పుకోవడమే. జారుడుబల్ల సంగతి ఓడ డాక్టరును అడగాలని అతను నోరు తెరవబోయాడు. బీ యన్ అతని చెయ్యి నొక్కింది. జీవితంలో మొదటిసారి అతను తనిఖీ చెయ్యకుండా ఒకదానికి సరేనన్నాడు.

డిసెంబరులో ఓడలు బయల్దేరాయి. చిన్న ఓడ నిజంగానే నెమ్మదిగా ఉంది. మొదటి సాయంత్రం టెక్ సూన్ రెయిలింగులు కదిలించి చూశాడు, రెండో పొద్దున్న మానేశాడు. బీ యన్ ఇన్నేళ్ళ తరవాత పినాంగ్ ఒడ్డు చూసి, అతని భుజం మీద తల ఆనించి చాలాసేపు అలాగే ఉంది. ఇది తనకెందుకు ముందే తోచలేదా అని అతను సిగ్గుపడ్డాడు, సంతోషపడ్డాడు.

అదే రేవులో ఆగిన పెద్ద ఓడ పక్కనే మేడల మీద మేడలా నిలబడి ఉంది. పైన ఎక్కడో రెయిలింగు దగ్గర తోవా పయో బ్లాకు సగం కనబడింది. మధ్యలో అమ్మ, తడిసిన జుట్టుతో, చేతిలో పళ్ళెంతో. పళ్ళెంలో ఏముందో కిందినుంచి కనబడలేదు. టెక్ సూన్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, మందులు వేసుకున్నావా, జుట్టెందుకు తడిసింది, ఆ తినేదేమిటి అని గట్టిగా అరిచాడు. ఆవిడ చెవి చూపించి, వినబడటం లేదన్నట్టు చెయ్యి ఊపి, ఒక ముక్క నోట్లో వేసుకుంది.

గిమ్ లువాన్ అమ్మకు చెవుడు రావడం అదే మొదటిసారి, సింగపూరు రేవులో దిగగానే అది దానంతటదే నయమైపోయింది.