నీటికోళ్లకు పొడి నేల

ప్రకృతిని కాపాడే పనిని ప్రకృతికే వదిలేయడం ప్రమాదకరమని పురపాలక సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానం తడి ఆరకముందే మూడో అంతస్తులో, విరిగిన కుర్చీలు దాచే గది పక్కన, 'జీవావాస భూముల కొనుగోలు విభాగం' వెలిసింది. ప్రాణులు బతుకుతున్న ప్రైవేటు భూములను యజమానుల ఇష్టంతో కొని, ఆ ప్రాణులను అక్కడే చల్లగా బతకనివ్వడం దాని ఆశయం. (ఆశయాన్ని గోడకు తగిలించారు. నియమావళిని సొరుగులో పెట్టారు.)

ఆ గోడను చూసి మురిసిపోయిన తొలి మనిషి మోటార్ల మెకానిక్. ఊరందరి పంపులూ విప్పి బిగించే అతనికీ, ఆసుపత్రిలో నర్సుగా చేసే అతని అక్కకూ తల్లి విడిచివెళ్లిన ఆస్తి ఒక్కటే: గోదాము వెనక మడుగు. మడుగు చుట్టూ జమ్ము, జమ్ములో గూళ్లు, గూళ్ల చుట్టూ నీటికోళ్లు. తల్లి వాటిని చూస్తూ పొద్దుపుచ్చేది. అతను వాటిని చూస్తూ తల్లిని తలచుకునేవాడు. గోదాము యజమాని వాటిని చూస్తూ లారీలను తలచుకునేవాడు.

"మట్టి తోలించి చదును చేసుకుంటానంటున్నాడురా," అంది అక్క. "నెలాఖరుదాకా ఆగుతాను. ఈలోగా నీ ఆఫీసువాళ్లు కొంటే పక్షులకి, లేదంటే లారీలకి. మళ్లీ నా దగ్గర గునిశావంటే ఊరుకోను."

"ఇక ఏమీ అననులే అక్కా. మాటంటే మాటే," అన్నాడతను, గోడ మీది ఆశయం సాక్షిగా.

దరఖాస్తుకు నలభై రెండు గళ్లున్నాయి. నివాసులెందరు, ఎప్పటినుంచి ఉంటున్నారు, ఇంటి పెద్ద ఎవరు. 'వృత్తి' అన్న గడిలో అతను బాగా ఆలోచించి 'ఈత' అని రాశాడు.

"ఇది వృత్తి కాదండీ, అలవాటు," అని గుమాస్తా దాన్ని కొట్టేసి, 'నిరుద్యోగం' అని దిద్దాడు.

తర్వాతిది హాజరు పరిశీలన. పనిదినాల్లో పదకొండు నుంచి పదకొండున్నర దాకా ప్రాణులు తమ స్థలంలో సిద్ధంగా ఉండాలి. జీపు హారన్ మోగించుకుంటూ వచ్చి గట్టు మీద ఆగింది. నీటికోళ్లు జమ్ములోకి దూరాయి. పరిశీలకుడు నిశ్చలమైన నీటిని నిశితంగా చూసి 'గైర్హాజరు' అని రాసుకున్నాడు.

"మీరు రాగానే దాక్కున్నాయి సార్."

"మమ్మల్ని చూసి దాక్కున్నాయంటే ఏదో తప్పు చేసే ఉంటాయిగా?"

రెండోసారి అతను పరిశీలకుడి చేత చెప్పులు విప్పించి, నోటి మీద వేలు పెట్టించి, నడుం వంచి నడిపించుకు వెళ్లాడు. పద్నాలుగు తేలాయి. పదమూడు ఈదుతున్నాయి, ఒకటి గుడ్ల మీద కదలకుండా కూర్చుంది. "మా ఆఫీసులో ఇమడగలిగింది ఇదొక్కటేనయ్యా," అని పరిశీలకుడు గుసగుసగా మెచ్చుకుని, పద్నాలుగు నివాస ధ్రువపత్రాల మీద ముద్ర కొట్టాడు.

ఇక మిగిలింది కొలతే అనుకున్నాడు మెకానిక్. కొలతలవాడు టేపు చంకన పెట్టుకుని వచ్చి, మడుగు చూసి, నడిరోడ్డు మీద సముద్రం ఎదురైనట్టు నిలబడిపోయాడు.

"నీళ్లున్నాయేంటి?"

"మడుగు కదా సార్."

"నేను కొలిచేది నేల. నీళ్ల కింద నేలే ఉందని ఎవరు చెప్పొచ్చారు?"

(నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు అన్నారు పెద్దలు. కొలతల విభాగానికి ఆ రెండింటితోనూ పరిచయం లేదు.) సొరుగులోంచి నియమావళి బయటికి వచ్చింది. కొనే భూమి పొడిగా ఉండాలి, చదునుగా ఉండాలి, అందులో ఎవరూ నివసిస్తూ ఉండరాదు. పద్నాలుగు నీటికోళ్లు అక్కడ నివసిస్తున్నట్టు ఆ కార్యాలయమే ధ్రువపరిచింది గనుక, ముందు వాటిని ఖాళీ చేయించవలసి ఉంది.

కొనుగోలు అధికారిణి మంచి మనిషి. అతన్ని కూర్చోబెట్టింది, మంచినీళ్లు తెప్పించింది.

"వాటిని కాపాడ్డానికే కదా మేడమ్ కొంటున్నారు?"

"కొన్నాక కాపాడతామండీ. కొనకముందు కాపాడే అధికారం మాకెక్కడిది?"

"నీళ్లు తోడేస్తే అవి ఎక్కడికి పోతాయి?"

"అది ముప్పయ్యారో గడి. మీరే నింపాలి." ఆమె ఆదరంగా నవ్వింది. "అయినా మీది మోటార్ల పనేగా! ఇంకొకరైతే ఎంత అవస్థ పడేవారు."

మర్నాడు పొద్దున్నే అతను తన మోటారునే గట్టు మీదికి చేర్చాడు. గొట్టం నీళ్లలోకి జార్చాడు. స్విచ్చి మీద చెయ్యి వేశాడు. ఊళ్లో నీళ్లు రానంటే రానన్న బోర్లను బుజ్జగించి రప్పించిన చెయ్యి అది. గుడ్ల మీది నీటికోడి మెడ తిప్పి అతన్నొకసారి చూసి, మళ్లీ తన పనిలో పడింది. నియమావళి చదవని ప్రాణికి ఉండే ధైర్యం దానికుంది. అతను గొట్టం చుట్ట చుట్టుకుని ఇంటికి వెళ్లిపోయాడు.

కార్యాలయం మాత్రం అలా వెళ్లిపోవడానికి వీల్లేదు. నెలాఖరుకు ఒక ఆవాసం కొని తీరాలని పైనుంచి లక్ష్యం ఉంది. వెతకగా వెతకగా గోదాము ముందు లారీలు నిలిపే సిమెంటు యార్డు కనిపించింది. పొడి నేల, చదును నేల, ఒక్క ప్రాణీ లేని నేల! పూట తిరక్కుండా కొలత పూర్తయింది. "జీవావాసానికి ఇంత అనువైన స్థలం నా సర్వీసులో చూడలేదు," అని కొలతలవాడు కాగితం మీద కదిలిపోయాడు. సంతకాలు పడ్డాయి. 'నీటి పక్షుల అభయస్థలం' అని పచ్చరంగు బోర్డు లేచింది.

నెలాఖరు సాయంత్రం గోదాము యజమాని అక్క ఇంటికి వచ్చాడు.

"పక్షుల కోసం యార్డు త్యాగం చేశానమ్మా. ఇప్పుడు నా లారీలకి నిలువ నీడ లేదు. ఆ మడుగు ఇప్పించారంటే రేపే మట్టి తోలిస్తాను."

అక్క తమ్ముడి వంక చూసింది. "ఏరా?"

"మాటిచ్చానుగా," అన్నాడతను. అక్షరాలు తెలియనివాడిలా కూడబలుక్కుంటూ సంతకం పెట్టాడు.

సిరా ఆరుతుండగా పురపాలక బంట్రోతు గుమ్మంలోకి వచ్చి ఉత్తరం అందించాడు. అక్క కళ్లద్దాలు సవరించుకుని పైకి చదివింది:

"మీ స్థలంలో నివసిస్తున్న పద్నాలుగు నీటికోళ్లకు శాశ్వత నివాసం ఏర్పాటైనందుకు అభినందనలు. వాటిని ఏడు పనిదినాలలోగా అభయస్థలంలో అప్పగించగలరు. నేల కొత్తగా కడిగించినందున, ఒక్కొక్కదాని కాళ్లూ తుడిచి పంపగలరు."