ఇరవై ఐదో సంతకం

ఆ సోమవారం మధ్యాహ్నంలోగా ప్రసన్నకుమారికి ఒక్క సంతకం కావాలి. తిరుపతిలో ఆమె పనిచేసే ప్రైవేటు ఆసుపత్రిలో, డాక్టర్లు చేసే పనులు కొన్ని నర్సులకూ నేర్పాలని 1998లో శిక్షణ మొదలుపెట్టారు. మణికట్టు దగ్గర ధమని నుంచి రక్తం తీయడం ఇరవై ఐదుసార్లు చేసి, పుస్తకంలో డాక్టరు సంతకాలు చూపిస్తే ఐసీయూ ఇన్‌చార్జి ఉద్యోగం. ఇరవై నాలుగు అయ్యాయి.

అయిన తీరు మాత్రం వేరు. "డాక్టరుండంగా నర్సమ్మ గుచ్చేదేంది?" అని మొదటి రోగే చెయ్యి లాక్కున్నాడు. నేర్పే డాక్టరు రఘునాథ్ ఒక ఉపాయం కనిపెట్టాడు. తాను మంచం పక్కన నిలబడి, "గోడ తట్టు తిరుగప్పా" అంటాడు. ఆమె గుచ్చుతుంది. రోగి ఇటు తిరిగేసరికి సిరంజి డాక్టరు చేతిలో ఉంటుంది. మూడు నెలల్లో రఘునాథ్ చెయ్యి మహా మెత్తనని పుత్తూరు దాకా పేరు పాకింది.

ఆ పేరు నలుగురికీ చెప్పుకుంటూ, ఆ ఉదయం ఆయాసంతో రఘునాథ్ తండ్రి మునిరత్నమే వచ్చి పడుకున్నాడు.

"నాయనా, గోడ తట్టు తిరుగు."

"ఏమిటికి? నా కొడుకు పనితనం నేను సూడొద్దా?"

రఘునాథ్‌కు సిరంజి పట్టక తప్పలేదు. మొదటిసారి సూదికి ఎముక తగిలింది. రెండోసారి ఏమీ తగల్లేదు. మూడోసారికి మణికట్టు ఉబ్బింది.

"ఊరోళ్లకంతా నొప్పి తెలీకుండా చేస్తివి. పొడిసేదానికి కన్నతండ్రే దొరికినాడా?"

"ఒక్కసారి అట్ల తిరుగు నాయనా, నీకు దండం పెడతా!"

ఆయన తిరిగాడు. ప్రసన్నకుమారి రెండో చెయ్యి అందుకుని ఒక్క పోటుతో తీసేసింది.

"ఇదీ చెయ్యంటే!" మునిరత్నం ఇటు తిరిగాడు. "ఇంతసేపూ ఆ నర్సమ్మ ఎదురుగా నిలబడుండె, వానికి చెయ్యి ఆడలేదు."

అప్పుడే వార్డులోకి వచ్చిన సూపరింటెండెంట్ సుందరరాజు ఆమె పుస్తకం తిప్పి చూశాడు. "ఈయనకు రక్తం తీసిందెవరు?"

"మావాడే సార్."

పక్క మంచాల్లో ఇద్దరిని అడిగాడు. "మాకూ రఘునాథ్ సారే తీసినాడు. ఏం చెయ్యి సార్ అది!"

ప్రసన్నకుమారి రఘునాథ్ వైపు తిరిగింది. "సార్, మీరైనా చెప్పండి."

రఘునాథ్ తల వంచుకుని, తన తండ్రి మణికట్టు మీద దూది ఒత్తుతూనే ఉన్నాడు.

"మొహమాటస్థుడు దొరికినాడని చెయ్యని పనికి సంతకాలు పెట్టించుకుంటావామ్మా?" అంటూ సుందరరాజు ఇరవై నాలుగు సంతకాలనూ ఎర్ర సిరాతో కొట్టేశాడు.

మరుసటి వారం ధమని రక్తం తీయడంపై ఆసుపత్రి నర్సులందరికీ పాఠం చెప్పే బాధ్యత రఘునాథ్‌కు అప్పగించారు. పాఠానికి ముందురోజు ఆయన ప్రసన్నకుమారిని పిలిపించి, అది ఎలా తీస్తారో ఒకసారి చూపించమన్నాడు.