పులిహోర తిని కొన్న కీబోర్డు

ఒక పెద్ద అడవిలో, ఫోన్లు వచ్చేసి, సిగ్నల్ మాత్రం ఇంకా చెట్టెక్కితేనే అందుతున్న రోజుల్లో, జాంబయ్య అనే ఎలుగుబంటి పెళ్లి మేళం నడిపేవాడు. సింహంగారి ఆస్థాన మేళమూ అతనిదే. తను కీబోర్డు వాయించేవాడు, అడవిపంది వరహాలు డోలు కొట్టేవాడు. పాడేందుకు ఎవరు దొరికితే వాళ్లే. ఆ అడవిలో తనకి పాట రాదని ఒప్పుకునే జంతువు ఒక్కటీ లేదు కాబట్టి ఆ లోటు ఎప్పుడూ రాలేదు.

ఒక పెళ్లిలో వాన ముంచెత్తి, జాంబయ్య కీబోర్డులోకి నీళ్లు పోయాయి. అది మూగబోయింది. సరిగ్గా అప్పుడే సింహంగారి కొలువు నుంచి కబురు: "త్వరలో సన్మాన సభ ఉంది. ఆ రోజు పాట లేకపోతే ఆస్థాన మేళం నీది కాదు, దుమ్ములగొండి డీజేది."

ఆ ఆస్థాన మేళమే జాంబయ్యకి కూడూ గుడ్డా.

"కొత్తది కొనే తాహతు మనకెక్కడిది? పాతదే చూడు," అంది పెళ్లాం గుబురమ్మ. "కానీ నీ మొహమాటం సంగతి నాకు తెలుసు. నీ చేత్తో వాయించి చూడందే వెల కింద తేనెకుండ ఇచ్చావో, ఇంటికి రాకు."

"నేనేమన్నా పసివాణ్ణా?" అని జాంబయ్య చెట్టెక్కి ఫోన్లో పాత సామాన్లు అమ్మే పొదబజార్ తెరిచాడు.

మొదటి ప్రకటనే మనసు దోచేసింది. "సంగీతప్రియ" అనే పేరుతో ఎవరో పెట్టారు. 'పక్క అడవికి బదిలీ అయినందున అమ్మబడును. పిల్లల కోసం కొన్నాం, పిల్లలు ముట్టుకోలేదు.' కింద వీడియో. అందులో మొహం కనిపించదు. రెండు పంజాలు కీబోర్డు మెట్ల మీద చకచకా ఆడుతుంటాయి, తీయటి పాట వస్తుంటుంది. పాట మంచి ఊపులో ఉండగా ఒక్కచోట స్పీకరు 'గర్ర్' అంటుంది, మళ్లీ సర్దుకుంటుంది. పాత వస్తువుకి ఆ మాత్రం దగ్గు ఉంటుందిలే అనుకున్నాడు జాంబయ్య.

అన్నిటికంటే ముఖ్యం, వీడియో కింద వినియోగదారుల రక్షణ మండలి ముద్ర ఉంది.

ఆ మండలిని సింహంగారే పెట్టారు. అధ్యక్షుడు నక్క సత్యానందం. మండలి చేసే పని ఏమిటంటే, చెట్టుచెట్టుకీ బోర్డులు కట్టడం. పైన పెద్ద అక్షరాలతో 'చూసి కొనండి' అని ఉంటుంది. కింద చిన్న అక్షరాలతో 'మా ముద్ర చూసి కొనండి' అని ఉంటుంది.

"అడ్వాన్సు పంపండి, పార్సిల్ పంపిస్తాం," అని రాసింది సంగీతప్రియ.

"స్వయంగా వచ్చి చూస్తానండి," అని రాశాడు జాంబయ్య. అవతలివారు నసిగారు, నానారకాలుగా చెప్పి చూశారు. ఎలుగుబంటి పట్టు ఎలుగుబంటి పట్టే. చివరికి ఇంటి గుర్తులు చెప్పారు.

తలుపు తీసింది సాక్షాత్తూ సత్యానందం!

"మీరేనా సంగీతప్రియ!" అని జాంబయ్య పొంగిపోయాడు. అధ్యక్షులవారి ఇంట్లోనే కొంటున్నాం, ఇంక భయమేముంది?

"మొహం చూసి కొనకూడదు కదా బావగారూ, అందుకే పేరు మార్చాను," అన్నాడు నక్క. "ఏమేవ్, బావగారొచ్చారు, ఆకెయ్యి."

నక్క పెళ్లాం మాలచ్చమ్మ వంటకి ఆ చుట్టుపక్కల పెద్ద పేరు. "రండి అన్నయ్యగారూ" అంటూ పులిహోర పెట్టింది. (ఆ అడవిలో దాన్ని పులిగారి అనుమతితోనే వండుతారు.) "ఇంకొంచెం" అంది. "మా మీద ఒట్టు" అంది. మూడుసార్లు వడ్డించింది. ఆ తరవాత చెయ్యి కడుక్కుని జాంబయ్య కీబోర్డు దగ్గరికి వెళ్లేసరికి సత్యానందమే దాని ముందు కూర్చుని, ఒక మూల ఏదో నొక్కి, వాయించడం మొదలుపెట్టాడు. అదే పాట, అదే 'గర్ర్'.

'ఒకసారి నేను కూడా చూస్తానండి' అనే మాట జాంబయ్య గొంతుదాకా వచ్చింది. అక్కడ పులిహోర అడ్డం పడింది. తిన్న చేత్తోనే అనుమానం చూపిస్తే ఏం బాగుంటుంది? అన్నయ్యా అని పిలిచిన ఆడపడుచు ఏమనుకుంటుంది?

తేనెకుండ దించేసి, కీబోర్డు భుజానికెత్తుకుని ఇంటికొచ్చాడు.

ఇంట్లో మెట్లు నొక్కితే టక్ అంటున్నాయి, టక్ మాత్రమే అంటున్నాయి. ఒక్క స్వరమూ లేదు. గుబురమ్మ తలా తోకా తడిమి, ఒక మూల ఉన్న బటన్ నొక్కింది. పాట దానంతటదే మోగింది.

"ఇదీ వాళ్ల వాయింపు! డెమో బటన్!" అంది. "నువ్వు వాయించి చూశావా?"

జాంబయ్యకి తన మీద తనకే ఏడుపొచ్చింది.

మర్నాడే నక్క ఇంటికి వెళ్లాడు. "ఇది ఇల్లు బావగారూ, ఫిర్యాదులు ఆఫీసులో," అన్నాడు నక్క. ఆఫీసుకి వెళ్తే అదే నక్క టోపీ పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"కొనేముందు వస్తువుని ముట్టుకున్నారా?"

"లేదండి."

"ఏం?"

"మీ ఇంట్లో పులిహోర తిన్నానండి."

"అది మండలి పరిధిలోకి రాదు," అని సత్యానందం గంట కొట్టాడు.

ఇంతకీ కొలువులో సన్మానం ఎవరికనుకున్నారు? సత్యానందానికే! మండలికి ఏడాదంతా ఒక్క ఫిర్యాదూ నమోదు కాలేదని 'విశ్వాసరత్న' బిరుదు ఇస్తున్నారు.

సభ రోజు రానే వచ్చింది. వేరే దారి లేక జాంబయ్య ఆ కీబోర్డునే మోసుకొచ్చాడు. సత్యానందం చేసిన పనే తనూ చేద్దామనుకున్నాడు. "నువ్వు డోలు గట్టిగా కొట్టు, నేను చేతులు ఆడిస్తాను," అని వరహాలు చెవిలో చెప్పి, బటన్ నొక్కాడు.

పాట మొదలైంది. ముందు వరుసలో నెమలి మెడ చాచింది. దుప్పి మాస్టారు గిట్టతో తాళం వేస్తూ వేస్తూ ఆగిపోయారు. కొండముచ్చు పెదాలు కదుపుతున్నాడు. పాట మంచి ఊపులోకి వచ్చింది. స్పీకరు కంటే ముందే సభలో సగంమంది 'గర్ర్' అన్నారు.

అందరికంటే గట్టిగా సింహాసనం మీంచి వినిపించింది. అటు ఎవరూ చూడలేదు, చూసేంత ధైర్యం లేదు.

"ఇది నా కీబోర్డు!" నెమలి లేచింది. "అమ్మాయి డాన్సు క్లాసుకని అడ్వాన్సు కట్టాను. పార్సిల్ దారిలో ఉందని ఇప్పటికీ చెబుతున్నారు!"

"నీదేమిటమ్మా, నాది," అన్నారు దుప్పి మాస్టారు. "పరువు పోతుందని ఎవరికీ చెప్పుకోలేదు."

"అయితే ఈ జాంబయ్యే సంగీతప్రియ! పట్టుకోండి!" అని కొండముచ్చు కేకపెట్టాడు.

జాంబయ్య హడలిపోయి రెండు చేతులూ పైకెత్తాడు. పాట మాత్రం ఆగలేదు. హాయిగా సాగిపోతోంది.

సింహం గర్జించింది. "ఏమిటీ మోసం?"

"నేను అమ్మలేదు మహాప్రభో, కొన్నాను. సత్యానందంగారింట్లో కొన్నాను!"

శాలువా సర్దుకుంటూ సత్యానందం నవ్వాడు. "ప్రభూ, ఈయనెవరో నాకు తెలియదు. ఈయన మా గడప తొక్కలేదు. మా ఇంట్లో పచ్చి మంచినీళ్లు కూడా తాగలేదు."

జాంబయ్య దగ్గర సాక్ష్యం లేదు. దుమ్ములగొండి అప్పుడే డీజే పెట్టెలు సర్దుకుంటున్నాడు.

ఆడవాళ్ల వరుసలోంచి మాలచ్చమ్మ దిగ్గున లేచింది. మొహం జేవురించి ఉంది.

"అదేం మాటండీ! మంచినీళ్లు కూడా తాగలేదా? ఇంటికొచ్చిన మనిషికి నేను పెట్టలేదని ఇంతమందిలో చాటుతారా? అన్నయ్యగారికి మూడుసార్లు వడ్డించాను! తిని, చెయ్యి కడుక్కున్నాకే కదా మీరు ఆ పెట్టె అంటగట్టింది!"

పాట సరిగ్గా అప్పుడే అయిపోయింది.

సింహంగారు శాలువా ఊడబెరికించారు, పదవి పీకేశారు. అందరి తేనే వెనక్కి వచ్చింది. ఒక పెద్ద కుండ మాత్రం ఏ పేరూ లేకుండా దొడ్డిదారిన కోటలోకి వెళ్లింది. మండలికి కొత్త అధ్యక్షుడిగా తోడేలుని వేశారు. ఆయన వచ్చీ రాగానే బోర్డులకి కొత్త రంగు వేయించాడు.

కొలువు జాంబయ్యకి ఇంకో అవకాశం ఇచ్చింది. ఈసారి ఒక ఉడత దగ్గర పాత కీబోర్డు ఉందని తెలిసి, బయల్దేరే ముందు ఇంట్లో కడుపునిండా తిన్నాడు. "కాస్త మజ్జిగైనా పుచ్చుకోండి" అని ఉడత భార్య ఎంత బతిమాలినా, చెవులు మూసుకుని కింది మెట్టు నుంచి పై మెట్టు దాకా ఒక్కొక్కటే నొక్కాడు. వైరు కదిపి చూశాడు, శబ్దం పెంచి చూశాడు, డెమో బటన్ జోలికి పోకుండా ఒక పాట మొత్తం వాయించాడు. అన్నీ పలికాయి. అప్పుడు కుండ ఇచ్చి, మజ్జిగ రెండు గ్లాసులు తాగాడు.

నీతి: పాత వస్తువు కొనడానికి మోసగాడింటికి వెళ్లినా ఫరవాలేదు గానీ, ఆకలితో మాత్రం వెళ్లకండి.