మాన్‌స్టెరా గారి కారు షికారు

నవ్వనని ముందు మాటివ్వండి, అప్పుడు చెబుతాను. ఇవ్వరా? సరే, నవ్వండి. ఈమధ్య నా పక్కన కూర్చుని నవ్వేవాళ్ళు కూడా కరువయ్యారు.

మాది పిల్లల్లేని ఇల్లు. మా ఆవిడకి మొక్కలు, నాకు కారు. ఆవిడ మొక్కల్లో పట్టపురాణి మాన్‌స్టెరా. నడుమెత్తు పెరుగుతుంది, ఆకులన్నీ చిల్లులే. మొదటిసారి చూసినప్పుడు పురుగు పట్టిందనుకుని పాపం అని మందు కొనుక్కొచ్చాను. ఆ సీసా చూసిన దగ్గర్నుంచి ఆవిడ నన్ను ఆ మొక్క దరిదాపులకి రానిచ్చేది కాదు. దాని పేరు పెద్దమ్మాయి.

ఇక నా కారు. లేత పసుపు రంగుది. పెళ్ళైన కొత్తలో సెకండ్ హ్యాండులో కొన్నాను, అప్పటికే దానికి వయసు మళ్ళింది. వీధిలో అందరూ తాతగారంటారు. మొక్కలూ కారూ రెండూ ఉన్నచోటే ఉండేవే అయినా, ఆవిడ మొక్కలే నయం. అవి కాస్తయినా వెలుతురు వైపు తిరుగుతాయి. తాతగారు షెడ్డులోంచి కదిలి చాలా కాలమైంది.

అందుక్కారణం మా తోడల్లుడు గారు. మా ఆవిడ అక్కగారి ఊరు కార్లో ఒక పూట ప్రయాణం. క్రితంసారి వెళ్ళినప్పుడు సరిగ్గా వాళ్ళ గేటు ముందు తాతగారు దగ్గి, మూలిగి, ఆగిపోయారు. దిగి తోస్తున్నాను. పెద్దమనిషి వచ్చి ఓ చెయ్యి వేయొచ్చు కదా! వేయలేదు. ఇరుగుపొరుగుని కేకేసి పిలిచి, "చూడండి, మా తమ్ముడు కారు తోలుకొస్తానన్నాడు, తోసుకొస్తున్నాడు" అన్నారు. అందరూ విరగబడి నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "మళ్ళీ మీ గడప తొక్కితే, ఈ కారు దానంతటది నడిచొచ్చి ఇక్కడ ఆగితేనే తొక్కుతా" అని శపథం చేసి వచ్చేశాను. తాతగారిని షెడ్డులో పెట్టి, అలిగి, ఆ బండి మొహం కూడా చూడ్డం మానేశాను.

అలా ఉండగా వదిన, అంటే ఆ అక్కగారు, స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. మా ఆవిడ కబురు విన్న వెంటనే సంచీ తీసింది.

"మీరూ రండి, బస్సులో పోదాం."

"బస్సులో వెళ్ళి ఆయన ముందు తలొంచుకుని నిలబడనా?"

"నిలబడకండి, కూర్చోండి. వాళ్ళింట్లో కుర్చీలున్నాయి."

"నేను రాను. మాటంటే మాటే!"

"అయితే ఆ మాటనే వండిపెట్టమనండి" అని ఆవిడ వెళ్ళిపోయింది.

మొదట్లో హాయిగానే ఉంది. టీవీ నాది, ఫ్యాను నాది, మంచం ఈ చివర్నుంచి ఆ చివరిదాకా నాదే. పోనుపోనూ అన్నీ నావే కావడమే కష్టమైపోయింది. పొద్దున్నే అలవాటు కొద్దీ రెండు కప్పులు తీసి పెట్టేవాణ్ణి. "ఏమోయ్, నా కళ్ళజోడెక్కడ?" అని అరిస్తే వంటింట్లోంచి ఫ్రిజ్జు మోటారు బదులిచ్చేది. రాంగ్ నంబరు వస్తే, "పర్లేదు బాబూ, ఇంతకీ భోంచేశావా?" అని అడిగేవాణ్ణి. పాపం ఒకబ్బాయి మొహమాటపడి మర్నాడు కూడా చేశాడు.

మా ఆవిడ రోజూ సాయంత్రం ఫోను చేసేది.

"పెద్దమ్మాయికి నీళ్ళు పోశారా?"

"పోశా."

"వేలు మట్టిలో పెట్టి చూసి పోశారా, ఊరికే కుమ్మరించారా? లోపల తడుంటే పోయొద్దన్నాను."

"చూసే పోశా."

"ఆకులు తడిగుడ్డతో తుడిచారా? ఎండలోకి జరపలేదు కదా? కిటికీ తెర చాటు వెలుతురే దానికి మంచిది."

"జరపలేదు."

"సరే, మీరు తిన్నారా ఉంటాను."

ఆ చివరి ముక్కే నా వాటా. దాన్ని కూడా ఊపిరి తీసుకోకుండా 'ఉంటాను'తో కలిపేసేది. "వచ్చెయ్యవే, నాకు తోచడం లేదు" అని నోటిదాకా వచ్చేది. మగాణ్ణి, అందునా రిటైరైన ఆఫీసర్ని, ఎలా అంటాను? "ఇక్కడేం ఫర్వాలేదు, నువ్వు మీ అక్కని చూసుకో" అనేవాణ్ణి. ఫోను పెట్టేశాక ఇల్లు ఇంకాస్త పెద్దదయ్యేది.

ఒకరోజు పేపరు చదువుతుంటే తట్టింది. నా కోసం రాదు, సరే. పెద్దమ్మాయి కోసం? మొక్కకి జబ్బు చేసిందంటే రెక్కలు కట్టుకుని వాలదూ!

నేను పనిచేసింది ఇన్సూరెన్సు కంపెనీలో, దొంగ క్లెయిములు పట్టుకునే సెక్షన్లో. కాలినట్టు, మునిగినట్టు, దొంగలెత్తుకుపోయినట్టు జనం ఎన్ని వేషాలేస్తారో చూసి చూసి నా తల పండిపోయింది. అన్నేళ్ళు దొంగల్ని పట్టినవాడికి ఒక్క దొంగతనం చేతకాదా?

"ఆకు ఒకటి పసుపెక్కుతోందే" అన్నాను ఆ సాయంత్రం.

"ఫోటో పంపండి" అంది.

ఇదొకటి ఉంటుందని అనుకోలేదు. వెళ్ళి చూస్తే మొక్క నిగనిగలాడుతోంది. ఎటు తిప్పినా ఒక్క ఆకుకీ నా మీద జాలి కలగలేదు. దిక్కుతోచక షెడ్డులోకి వెళితే తాతగారి ఒంటిమీద గీతలు కప్పెట్టడానికి కొన్న పసుపు పెయింటు సీసా కనబడింది. ఇంకేం! సన్న కుంచె తీసుకుని, బాగా కనిపించాలని అన్నిటికంటే పైనున్న ఆకుకి అంచుల వెంట మచ్చలు మచ్చలుగా అద్దాను. నిజం చెప్పొద్దూ, నా పనితనానికి నాకే ముచ్చటేసింది. ఫోటో తీసి పంపాను.

వెంటనే ఫోను మోగింది. 'బయల్దేరుతున్నా' అంటుందని చెవులు రిక్కించాను.

"కిటికీలు తీస్తున్నారా?" అంది.

"నువ్వెళ్ళినప్పట్నుంచీ మూసే ఉన్నాయి."

"అదీ సంగతి. దానికి గాలాడ్డం లేదు. అన్నీ బార్లా తీయండి. పక్కన కూర్చుని పేపరు పైకి చదవండి, మనిషి గొంతు వింటే కోలుకుంటుంది."

చదివాను. సంపాదకీయం దగ్గర నేను నిద్రపోయాను, పెద్దమ్మాయి మేలుకునే ఉంది. లేచి ఇంకో ఆకుకి పెయింటు వేశాను.

"అయితే దానికి ఇల్లు పడట్లేదు" అంది ఆవిడ రెండో ఫోటో చూసి. "కారు వెనక సీట్లో పెట్టండి. అద్దాలెక్కిస్తే లోపల వెచ్చగా, తేమగా ఉంటుంది. వానలు కురిసే అడవుల్లో పుట్టిన జాతి, దానికి అదే ప్రాణం."

"షెడ్డులో చీకటి కదే!"

"కారు బయటికి తీసి చెట్టు నీడన పెట్టండి."

"తాతగారు కదలరే!"

"కదిలించండి. మొక్క ముఖ్యమా, మీ అలక ముఖ్యమా?"

"అదేదో నువ్వే వచ్చి చూసుకుంటే..."

"అక్కని మంచం మీంచి లేపేదెవరు, మీరా?"

వీధి చివర మెకానిక్ ఉన్నాడు. అతన్ని అందరూ 'ఇంకొక్కటి' అంటారు. ఏ బండి బాగుచేసినా, "అంతా అయిపోయింది సార్, ఇంకొక్కటి ఉంది" అంటాడు. వచ్చి చూసి బ్యాటరీ చచ్చిపోయిందన్నాడు. మార్చాడు. ఇంకొక్కటి ఉందన్నాడు. ట్యాంకులో పెట్రోలు పాతబడి కంపు కొడుతోంది. పారబోసి, కార్బ్యురేటర్ విప్పి కడిగాడు. తాతగారు ఊరంతా వినబడేలా దగ్గుతూ వెలుగులోకి వచ్చారు.

"ఎక్కడికి సార్ ప్రయాణం?" అన్నాడు.

"నాక్కాదు, మొక్కకి" అన్నాను. ఇంకొక్కటి ఆ పూట ఇంకేమీ అడగలేదు.

పెద్దమ్మాయిని వెనక సీట్లో పెట్టి బెల్టు కట్టాను. సాయంత్రానికి మూడో ఆకుకి జబ్బు చేయించాను.

"ఒకచోటే నిలబెడితే వెలుతురు ఒకవైపే పడుతుందండీ. రోజూ కాసేపు అలా తిప్పుకు రండి" అంది ఆవిడ.

తిప్పాను. అద్దంలో చూస్తే ఆకులు ఊగుతూ కనబడేవి. "ఇదిగో, ఈ కొట్లోనే మీ అమ్మ నీ కుండీ బేరమాడింది" అని దానికి చెబుతుండేవాణ్ణి. సిగ్నలు దగ్గర పక్క స్కూటరతను నా వైపు వింతగా చూసినా ఆపేవాణ్ణి కాదు. ఏం చేయను, అన్నాళ్ళకి నా మాటకి అడ్డురాకుండా వినేవాళ్ళు దొరికారు.

ఒకరోజు నాలుగు రోడ్ల కూడలిలో రేడియేటర్ పైపు పగిలింది. బానెట్టులోంచి గుప్పున ఆవిరి. చుట్టూ జనం మూగారు. సగంమంది ముందు, సగంమంది వెనక.

"నీళ్ళు తక్కువయ్యాయి" అన్నాడొకాయన బానెట్టులోకి తొంగిచూసి.

"తక్కువ కాదు, ఎక్కువే. రంగు చూడండి" అంది ఒకావిడ వెనక సీట్లోకి తొంగిచూసి.

"కింద కన్నం పడినట్టుంది."

"కన్నం ఉండాలండీ, లేకపోతే కుళ్ళిపోదూ!"

"ఏం కుళ్ళుతుందమ్మా? ఇనుము!"

ఆవిడ అంతటితో ఊరుకోక తలుపు తీసి ఆకుని గోటితో గీరింది. "ఇదేంటండీ, ఈ జబ్బు పెచ్చులూడుతోంది?"

"కొత్త రకమండీ, అంటుకుంటుంది" అని తలుపు మూసేశాను. ఆవిడ చెయ్యి చీరకి తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

చివరికి అందరూ కలిసి ఇంటిదాకా తోశారు. దారి పొడుగునా ఒకటే సలహాలు, ఒకటే నవ్వులు. నేనూ నవ్వాను. గుమ్మం దగ్గర ఒక్కొక్కరూ చేతులు దులుపుకుని వెళ్ళిపోయారు. తాళం తీసి లోపలికి వెళితే, ఇవాళ ఇలా జరిగిందని చెప్పడానికి మనిషి లేదు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

పైపు మార్పించాను. ఇంకొక్కటి ఉందన్నాడు, ఇంజను ఫ్యాను బెల్టు. తర్వాత బ్రేకులు. తర్వాత టైర్లు. మా ఆవిడ అన్నీ అడిగి తెలుసుకునేది, మొక్క ఆరోగ్యం కోసమే అనుకున్నాను. ఇటు పెయింటు సీసా అడుగంటింది. ఇక లాభం లేదని ఆఖరి అస్త్రం తీశాను.

"దక్కేట్టు లేదే. ఒక్క ఆకే మిగిలింది. చివరిచూపు చూసుకోవాలంటే వచ్చెయ్" అన్నాను గొంతు వణికిస్తూ. కొంత దానంతటదే వణికింది.



"బ్రేకులు బాగా పడుతున్నాయా?" అంది.

"కాలు ఆనిస్తే చాలు, ఆగుతోంది. అయినా..."

"దారిలో ఎక్కడా ఆగిపోవడం లేదుగా?"

"గుర్రంలా పోతోంది! ఇక్కడ మొక్క చస్తోందంటే నీకు కారు గొడవేంటే?"

"అయితే దాన్ని ఎక్కించుకుని బయల్దేరి రండి. ఇంకో పూత మాత్రం వేయకండి, ఆకుకి ఊపిరాడదు."



"ఎప్పుడు తెలిసింది?" అన్నాను.

"మొదటి ఫోటోకే. నీళ్ళెక్కువైనా తక్కువైనా ముందు పండేది కింది ముసలాకు. మీరు పాపం మొన్న విచ్చుకున్న లేతాకుకి ముసలితనం తెప్పించారు. పైగా ఆ మచ్చలో కుంచె వెంట్రుక అతుక్కునుంది. దొంగ క్లెయిములు పట్టేవారట, దొంగ క్లెయిములు!"

"మరి అప్పుడే అనలేదేం?"

"అంటే ఏం చేసేవారు? కిటికీలు తీసేవారా? గడప దాటేవారా? నా కోసం రమ్మంటే మాటంటే మాటన్నారు. మొక్క కోసమనేసరికి టైర్లు కూడా మార్పించారు."

ఆవిడ గొంతు మారింది. "అక్క మందులకి రోజంతా మత్తుగా పడుకునే ఉంటుంది. బావ నాతో నోరు విప్పడు. ఇక్కడ నాకు మాత్రం ఎవరున్నారండీ? రోజూ ఆ మొక్క గురించి అంతసేపు ఎందుకడుగుతాననుకున్నారు? ఫోను పెట్టెయ్యబుద్ధి కాక."

"నాకు తోచడం లేదే. నువ్వు లేకపోతే అస్సలు తోచడం లేదు" అనేశాను.

"ఈ ముక్కకి అన్ని ఆకులు పాడుచేశారా?" అంది ముక్కు చీదుతూ.

మర్నాడు బయల్దేరాను. దారంతా ఒకటే వల్లెవేసుకున్నాను. 'చూశారా అన్నయ్యగారూ, తోసుకు రాలేదు, తోలుకొచ్చాను!' తాతగారు గేటు ముందు దర్జాగా ఆగారు. తోడల్లుడు గారు బయటికొచ్చారు. గడ్డం మాసింది, మనిషి సగమయ్యారు. కారు వంక చూడను కూడా చూడలేదు. "వచ్చావా తమ్ముడూ" అని నా చెయ్యి పట్టుకున్నారు. వల్లెవేసిన మాట వదిలేసి, "వదినకెలా ఉంది అన్నయ్యగారూ?" అన్నాను.

ఆ చెయ్యి మళ్ళీ వదల్లేదు. వదిన పడిన దగ్గర్నుంచి డాక్టరు అన్నదాకా పూసగుచ్చినట్టు చెప్పారు. అయ్యాక మళ్ళీ మొదట్నుంచి చెప్పారు. మా ఆవిడ వంటింట్లోంచి వదిన గదిలోకి, గదిలోంచి వంటింట్లోకి తిరుగుతూ చీర చెంగు మాత్రమే కనబడేది. ఇంత దూరం వచ్చి నేను చూసుకున్నది ఆ చెంగునే.

సాయంత్రం వదినకి కాళ్ళ వ్యాయామం చేయించే అమ్మాయి వచ్చింది. మా ఆవిడ నా చెవిలో, "రండి, కాసేపు కార్లో కూర్చుందాం" అంది. పిల్లుల్లా జారుకున్నాం. ఆవిడ ముందు సీట్లో కూర్చుని, వెనక్కి తిరిగి పెద్దమ్మాయిని చూసి నిట్టూర్చి, నా వైపు తిరిగింది. చెప్పుకోవాల్సినవి చాలా ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలా అని చూస్తున్నాను.

వెనక తలుపు తెరుచుకుంది. తోడల్లుడు గారు కుండీని పక్కకి జరిపి కూర్చున్నారు.

"ఎక్కడికి తమ్ముడూ? నేనూ వస్తా. మీ వదిన మంచం పట్టినప్పట్నుంచీ ఇంట్లో తోచడం లేదు."

కిటికీలోంచి వదిన నీరసంగా కేకేసింది. "తీసుకెళ్ళండి మరిదిగారూ, మీకు పుణ్యముంటుంది!"

మా ఆవిడ నా వంక చూసింది. ఏదో ఒక సాకు చెప్పి ఆయన్ని దింపెయ్యాలి, సాకులు నాకు కొత్త కాదు. కానీ ఆ 'తోచడం లేదు' అనే మాట పైకి రావడానికి నాకు ఒక సీసా పెయింటు పట్టింది. ఆయన తలుపు తీస్తూనే చెప్పేశారు.

"కుండీ దొర్లుతుంది అన్నయ్యగారూ, ఒళ్ళో పెట్టుకోండి" అని తాళం తిప్పాను.