వేడెక్కి తీరవలసిన బీకరు

బొమ్మనహళ్ళి విజ్ఞానజ్వాల ఇంటర్నేషనల్ స్కూల్లో అమ్మోనియం క్లోరైడును నీళ్ళలో కలిపితే నీళ్ళు వేడెక్కుతాయని యాజమాన్యం ఈ ఏడు నిర్ణయించింది. తక్కిన ప్రపంచంలో ఆ లవణం కరిగేటప్పుడు నీళ్ళలోని వేడిని లాక్కుని బీకరును చల్లబరుస్తుంది. దాన్ని ఉష్ణగ్రాహక చర్య అంటారు. కానీ స్కూలు సొంతంగా అచ్చువేసుకున్న మెటీరియల్లో ఉష్ణమోచకం అని పడింది. పుస్తకాలు హొసకోటె, చందాపుర శాఖలకు కూడా వెళ్ళిపోయాయి. అన్ని పుస్తకాలు మార్చడం కంటే ఒక్క లవణాన్ని మార్చడమే తేలికని పెద్దలకు తోచింది.

ఆ పని కెమిస్ట్రీ సారు చెన్నరాయప్ప నెత్తిన పడింది. ఆయన ఉద్యోగం ఏళ్ళ తరబడి టెంపరరీ. సైన్సు దినం నాడు తల్లిదండ్రుల ముందు బీకరు వేడెక్కితే పర్మనెంటు చేస్తామని ప్రిన్సిపాల్ ఛాయాదేవి మాటిచ్చింది. పాపం, ఆయనకొక దురలవాటు ఉంది. ప్రతి ఏడూ మొదటి క్లాసులోనే "పుస్తకం మూయండప్పా, బీకరు తాకి చూసి చెప్పండి" అంటాడు. తొమ్మిదో తరగతి మేఘన ఆ మాట నిజమని నమ్మేసింది.

"సార్, చల్లగా ఉండాది," అంది రిహార్సల్లో.

"ఉండనీమ్మా. ఆ పొద్దుకి వేడిగా ఉంటే చాలు."

మొదట థర్మామీటరును సస్పెండు చేశారు. దాని స్థానంలో వచ్చినదీ పాఠ్యాంశానికి వ్యతిరేకంగానే ప్రవర్తించింది. తర్వాత వాతావరణం మీద విచారణ జరిగింది. "ఈ ఊరి క్లైమేట్ అంతేనండీ, మా హైదరాబాద్‌లో అయితే ష్యూర్‌గా హీటెక్కేది," అని ప్రిన్సిపాల్ తీర్పు చెప్పింది. చివరకు చెన్నరాయప్పే దారి కనిపెట్టాడు. క్యాంటీన్లో మరిగిన నీళ్ళు ఇంకో బీకరులో పోసి బల్ల కింద దాచాలి; మేఘన లవణం కలిపి సభకు నమస్కరించేలోగా రెండూ మార్చేయాలి. ఆయనకు సిగ్గేసింది. పర్మనెంటు గుర్తొచ్చి సర్దుకున్నాడు.

సైన్సు దినం వచ్చింది. చైర్మన్ గారు శక్తి మార్పుల మీద ప్రసంగించారు. "విద్యార్థుల్లో వేడి పుట్టించడమే మా సంస్థ ధ్యేయం! వేడి లేనిదే ర్యాంకు లేదు!" అని బల్ల గుద్దారు. తమ తాతగారి వీధిబడి దగ్గర మొదలుపెట్టి స్కూలు కొత్త బస్సుల దాకా వచ్చేసరికి, బల్ల కింది నీళ్ళు తమ వేడంతా గాలికి ధారపోసి ఊరుకున్నాయి. ఆ సభలో నియమం తప్పనిది ఉష్ణప్రసారం ఒక్కటే. వేలు ముంచి చూసుకున్న చెన్నరాయప్పకు చెమటలు పట్టాయి. ఇక మార్చీ లాభం లేదు.

మేఘన లవణం కలిపి, బీకరు తాకి, మైకులో "చల్లగా ఉండాది" అంది.

చైర్మన్ గారు చెక్కు చెదరకుండా తల్లిదండ్రులనే వచ్చి తాకమన్నారు. వాళ్ళు చదువుకున్నవాళ్ళు కాబట్టి ముందు మెటీరియల్ తెరిచి చూసుకున్నారు, తర్వాత తాకారు. మొదటాయన "అబ్బా!" అని చెయ్యి లాక్కున్నాడు. ఒక తల్లి వేళ్ళు ఊదుకుంది. ఇంకొకరు కాలిన గాయాల మందు అడిగారు. అందరికంటే ఎక్కువగా చెయ్యి విదిలించినవాడు బట్టల కొట్టు చంద్రశేఖర్, మేఘన తండ్రి. చప్పట్లు మోగాయి.

పరీక్షలోనూ మేఘన చల్లబడుతుందనే రాసింది. చెన్నరాయప్ప సున్నా వేశాడు, వేసే ముందు చాలాసేపు పెన్ను నమిలాడు. మర్నాడు చంద్రశేఖర్ కూతుర్ని వెంటబెట్టుకుని స్టాఫ్ రూముకు వచ్చాడు.

"మార్కులు పోతే పోనీ సార్. బుక్కులో ఉండేది వదిలి తాకి చూసే చెడ్డ అలవాటు దీనికెవరు నేర్పినారు? అడిగితే నోరు తెరవదు."

మేఘన సారు మొహంలోకే చూస్తోంది. పర్మనెంటు ఆర్డరు ఆయన జేబులో ఉంది.

"నేను కాదప్పా," అన్నాడు చెన్నరాయప్ప. చెవులు మాత్రం మెటీరియల్లో రాసినంత వేడెక్కాయి.

మేఘన తల దించుకుంది.

"నాకు తెలుసు సార్, మీరట్లాంటోళ్ళు కాదు," అని చంద్రశేఖర్ నమస్కారం పెట్టి, చిన్నకూతుర్ని కూడా ఇక్కడే చేర్పించడానికి ఆఫీసు వైపు నడిచాడు. అక్కడ క్యూ చాలా పొడవుగా ఉంది. మనలో చాలామందిమి అప్పటికే నిలబడి ఉన్నాం.